గడ్డిమోపుల బోడెయ్య ఎత్తు

వెనకటికొక రాజుగారి కొలువులో, ఇసుకతో కొండలూ కోటలూ పోసి కొయ్యబొమ్మలతో యుద్ధమాడేవారు. ఒక్కో ఎత్తు ఒక్కో రోజు కింద లెక్క. ఆ ఆటలో సేనాపతి భల్లణ నాయకుడికి ఎదురులేదు. ఈసారి కూడా తానే గెలిస్తే పొరుగు రాజ్యం మీదికి నిజంగానే దండు కదపాలని రాజుగారి దగ్గర మాట తీసుకున్నాడు.

ఎదురు కూర్చునే మొనగాడు దొరక్క, ఏనుగుశాలకు గడ్డి మోసే బోడెయ్యను నవ్వులాటకు పిలిచారు. దండు కదిలితే మోపులెత్తుకుని వెంట నడవాల్సింది తనే గనక బోడెయ్య కాదనలేదు.

సేనాపతి ఏనుగులు ముందుకొచ్చే కొద్దీ బోడెయ్య తన బొమ్మల్ని వెనక్కి జరుపుకుంటూ పోయాడు. పది ఎత్తులయ్యేసరికి ఏనుగులు అతని కోటను చుట్టుముట్టాయి.

“ఇంకేం మిగిలింది?” అన్నాడు సేనాపతి మీసం దువ్వుకుంటూ.

“పది రోజులైంది దొరా. తమరి వెనక మేతబండి ఒక్కటీ రాలేదు. ఆ ఏనుగులు ఇంక అడుగు వెయ్యలేవు.”

“మేత సంగతి నేను చూడాలా? ఇన్నేళ్లుగా నువ్వేగా తెచ్చి పడేస్తున్నావు.”

“నేనే దొరా. ఈపూట నన్ను తమరికి ఎదురు కూర్చోబెట్టారు గదా.”

రాజుగారు ఇసుకలోని ఏనుగుల్ని కాసేపు చూసి, దండు కదిపే ఆజ్ఞాపత్రాన్ని మడిచి దిండు కింద పెట్టుకున్నారు.