కాకి ముట్టని విస్తరి

అనగనగా ఒక ఊళ్ళో జనమంతా ఒకే మనిషి అల్లిన చాపల మీద నిద్రపోయేవారట. ఆ మనిషి పేరు అచ్చాయమ్మ. ఏటి ఒడ్డున పెరిగే తుంగను కోసేది, ఎండబెట్టేది, చాపలు అల్లేది. పద్నాలుగో ఏట కోడలిగా వచ్చిన నాడు మొదలుపెట్టింది. ఎనభయ్యో ఏట కన్ను మూసిన వారం దాకా అల్లుతూనే ఉంది. ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డా ఆమె చాప మీదే బోర్లా పడింది. పోయిన ప్రతి పెద్దనూ ఆమె చాప మీదే పడుకోబెట్టారు.

ఆమెకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు వీర్రాజు, నడిమిది నూకరత్నం, చిన్నవాడు సత్యం. నూకరత్నానికి లేక లేక పుట్టిన కూతురు వీరవేణి. దానికి పదేళ్ళు. పుట్టినప్పటి నుంచీ అమ్మమ్మ కొంగు పట్టుకునే పెరిగింది. మన కథ దానిదే తల్లీ, ఊఁ కొట్టు.

అచ్చాయమ్మ పోయిన పదకొండో రోజు వచ్చింది. ఆ రోజున, పోయినవాళ్ళకు ఇష్టమైనది వండి, విస్తట్లో పెట్టి, ఏటి ఇసుకలో ఉంచాలి. కాకి వచ్చి ముట్టాలి. పొద్దుగూకేలోగా ముట్టిందా, పోయిన ప్రాణం కడుపు నిండి తన దారిన వెళుతుంది. ముట్టలేదా, ఆకలితోనే వెళుతుంది. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి వీరవేణికి గుండెల్లో రాయి పడినట్టయింది.

మొదట వీర్రాజు పాకం గారెలు పెట్టాడు.

"అమ్మకు ఇవంటే ప్రాణం. నాకు ఆటలమ్మ తగ్గిన నాడు ఎంత సంబరంగా వండిందో," అన్నాడు.

అందరూ దూరంగా జరిగి నిలబడ్డారు. కాకులు తాటిచెట్టు మీద కూర్చుని చూశాయి. ఒక్కటీ దిగలేదు.

అచ్చాయమ్మతో కలిసి యాభై ఏళ్ళు తుంగ కోసిన పొరుగింటి మాణిక్యమ్మ ఊరుకోలేకపోయింది. "ఒరేయ్ వీర్రాజూ, మీ అమ్మ ఒక్క గారె కొరకగా నేను చూడలేదు. నువ్వు పన్నెండు మింగగా చూశాను."

అప్పుడు నూకరత్నం ఎండురొయ్యలు వేసి వండిన చింతచిగురు పెట్టింది.

"వేణి నా కడుపులో ఉన్నప్పుడు, డెబ్భై ఏళ్ళ మనిషి, వానలో తడుస్తూ సముద్రపు రేవు దాకా నడిచి ఈ రొయ్యలు తెచ్చింది. ఇష్టం లేనిదే అంత దూరం నడుస్తుందా?"

ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ తిరిగింది. ఎగిరిపోయింది.

"వేవిళ్ళు నీవి, నడక దానిది," అన్నది మాణిక్యమ్మ.

ఆ తర్వాత సత్యం చద్దన్నం, పక్కన ఉల్లిపాయ పెట్టాడు.

"మీకెవరికీ తెలియదు. అమ్మ రోజూ తిన్నది ఇదే. అందరి తిండీ అయ్యాక, అడుగున మిగిలిన దాంట్లో నీళ్ళు పోసుకుని తినేది. ఇష్టం లేకపోతే అరవై ఏళ్ళు తింటుందా?"

ఈసారి మాణిక్యమ్మ కూడా తల ఊపింది. ఆ మాట నిజంలాగే ఉంది. కాకి దిగింది. మెడ వంచింది. ముక్కు ఆనించబోయి, ఏం తోచిందో, వెనక్కి తగ్గి వెళ్ళిపోయింది.

ఎండ అప్పటికే ఏటి అవతలి గట్టు ఎక్కింది. అమ్మమ్మకు ఏది ఇష్టమో వీరవేణికి తెలుసు.

పోయిన శ్రావణంలో పెద్దవాళ్ళు చాపలమ్మడానికి సంతకు వెళ్ళినప్పుడు అచ్చాయమ్మకు జ్వరం తగిలింది. వీరవేణే పొయ్యి రాజేసి వండింది. కుండ దించగానే మొదటి ముద్ద అమ్మమ్మకే పెట్టింది. మీద నేతి బొట్టు, పక్కన ఉప్పు, అంతే. అచ్చాయమ్మకు పొగలు కక్కే అన్నం తినడం చేతకాలేదు తల్లీ. వేళ్ళు కాల్చుకుంది. నాలుక కాల్చుకుంది. నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నవ్వింది.

"ఇంత బాగుంటుందటే," అని మళ్ళీ పెట్టించుకుంది.

ఆ తర్వాత మనవరాలి చెయ్యి తన చేతిలో వేయించుకుంది. "ఎవరితోనూ అనకు. అమ్మకు ఇన్నేళ్ళూ వేడన్నం పెట్టలేదే అని పిల్లలు కుమిలిపోతారు. చెబితే నా మీద ఒట్టే."

చెబితే ఒట్టు తప్పుతుంది. ఒట్టు తప్పితే పోయిన మనిషికి ఏ కీడు మూడుతుందో. చెప్పకపోతే అమ్మమ్మ ఆకలితో వెళుతుంది. వీరవేణి సూర్యుణ్ణి చూసింది, తాటిచెట్టును చూసింది, అమ్మ ముఖం చూసింది. చివరికి మాణిక్యమ్మ చీర చెంగు పట్టుకుంది.

"మామ్మా, నా మీద ఒట్టు అన్నవాళ్ళు పోయాక ఆ ఒట్టు ఉంటుందా?"

"ఏమొట్టే అది?"

"చెప్పకూడదు."

మాణిక్యమ్మ దాని ముఖంలోకి చూసింది. "అయితే తీసి గట్టున పెట్టు. గట్టు ఎదురుగానే ఉంది. నేనూ రేపో మాపో మీ అమ్మమ్మ దగ్గరికి పోయేదాన్నే. తిడితే ఆ తిట్లు నేను తింటాలే."

వీరవేణి రెండు చేతులతో నెత్తి మీది ఒట్టు దించి, గట్టు మీద పెట్టి, చెప్పేసింది.

అమ్మమ్మ భయపడినట్టే అయింది. నూకరత్నం ఇసుకలో కూలబడింది. వీర్రాజు తల వంచుకున్నాడు. సత్యం తను పెట్టిన చద్దన్నం వైపు చూడలేకపోయాడు. తప్పు చేశానా అనుకుంది వీరవేణి.

"ఏడుపు ఇంటికెళ్ళి ఏడవండి," అన్నది మాణిక్యమ్మ. "ముందు ఎసరు పెట్టండి."

ఇంటి నుంచి కుండా బియ్యం తెచ్చి, మూడు రాళ్ళు చేర్చారు. ఎండు తుంగ ఎగదోశారు. సూర్యుడు జానెడు పొడుగున ఉండగా కుండ ఎక్కింది. బెత్తెడు పొడుగున ఉండగా పొంగు వచ్చింది. పొగ కళ్ళలో పడుతున్నా వీరవేణి విసురుతూనే ఉంది. వేలెడు పొడుగున ఉండగా అన్నం దించారు. వీర్రాజు చేతులు కాలుతున్నా ముద్ద చేసి విస్తట్లో పెట్టాడు. చల్లటి ఇసుక మీద ఆవిరి నిలువునా లేచింది.

కాకి దిగింది. ముక్కు పెట్టింది. చురుక్కుమన్నదేమో, వెనక్కి తీసుకుంది. తల విదిలించింది. మళ్ళీ పెట్టింది.

సత్యానికి మనసు ఆగలేదు. "అమ్మా" అని పిలవబోయాడు. వీర్రాజు గబుక్కున తమ్ముడి నోరు మూశాడు.

"పిలవకురా," అన్నాడు, వినిపించీ వినిపించకుండా. "పిలిస్తే తినేది వదిలేసి లేచి వస్తుంది. ఈ ఒక్కసారైనా కూర్చుని తిననివ్వు."

ఇక ఎవరూ కదలలేదు, పిలవలేదు. కాకి ఎంత సేపు కావాలో అంత సేపు తిన్నది.

కథ కంచికి, కాకి గూటికి,
మనం ఇంటికి, నిద్ర కంటికి.