ఎత్తిన చెయ్యి

"దామియాన్! ఒరేయ్ దామియాన్! ఇటు, ఇటు!"

గోల్ ముందు ఎడమపక్క జెనివాల్ ఒక్కడే ఉన్నాడు. చుట్టూ అడ్డుకునేవాడు లేడు. చెయ్యెత్తి గొంతు చించుకుంటున్నాడు. కుడి గీత వెంట గాలిలా దూసుకొచ్చిన దామియాన్ ఇద్దర్ని దాటాడు, మూడోవాణ్ణీ దాటాడు. తనే కొట్టాడు. బంతి స్తంభానికి తగిలి బయటికి పోయింది. విజిల్ మోగింది. కుర్రాళ్ళ ఫుట్‌బాల్ కప్పు చేజారింది.

"నువ్వు కనబడలేదురా," అన్నాడు దామియాన్ ఆ సాయంత్రం. ఒకే రేవులో కలిసి పెరిగిన జెనివాల్ అతనితో మర్నాటి నుంచి మాట్లాడ్డమే మానేశాడు.

అయినా ఆటగాళ్ళని ఎంచుకోడానికి లిస్బన్ క్లబ్బు నుంచి వచ్చిన పెద్దమనిషికి ఆ పరుగు తెగ నచ్చేసింది. ఏడేళ్ళప్పుడు ఇసుకలో ఉత్తకాళ్ళతో ఆట, పదమూడేళ్ళకు పట్నం క్లబ్బు, పద్దెనిమిదికి సముద్రం అవతల ఒప్పందం! దామియాన్‌కి నేల మీద నడుస్తున్నట్టే లేదు.

ప్రయాణం రెండ్రోజులుందనగా తను పుట్టిన రేవుకొచ్చాడు. అలలు వెనక్కి పోయిన తడి ఇసుకలో చిన్నప్పుడు అతనికి ఆట నేర్పిన ముసలి సెవెరీనో మాస్టారు కర్రతో గీతలు గీస్తున్నారు. అక్కడ గోల్ స్తంభాలంటే పాతిన రెండు పాత తెడ్లే. ఆ ఇసుకలో ఆడి పెద్ద క్లబ్బుతో ఒప్పందం సంపాదించిన ప్రతివాడి పేరూ మాస్టారు వాటిమీద కత్తితో చెక్కుతారు. ఇప్పటికి తొమ్మిది పేర్లున్నాయి.

"పదోది నాదే, మాస్టారూ! కాస్త పెద్దక్షరాలతో చెక్కండి. సముద్రం దాటేది మొదట నేనే కదా."

"చెక్కుదాంలే. ముందు కాసేపు ఆడదాం. నువ్వెళ్ళి ఎడమపక్క, గోల్ ముందు నిలబడు. ఇవాళ నీ చోట, గీత వెంట పరుగెత్తే వింగర్ని నేను."

దామియాన్ నవ్వాపుకోలేకపోయాడు. "ఈ సంగతి మీ మోకాలికి చెప్పారా?"

"చెబితే వద్దంటుంది."

ఆయన ప్యాంటు మడిచి, కుంటుకుంటూ కుడి గీత వెంట బంతి తోసుకొచ్చారు. దామియాన్ చెయ్యెత్తాడు. "ఇటు, మాస్టారూ!" ఆయన తలెత్తి సూటిగా అతని వంక చూశారు. చూసి, తనే కొట్టారు. బంతి అలల్లోకి పోయింది.

"మళ్ళీ," అన్నారు.

మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. ఏడోసారికి దామియాన్ గొంతు బొంగురుపోయింది. సరదా ఎటు పోయిందో పోయింది. చెయ్యెత్తి నిలబడి పిలవడం ఇంత ఒంటరిగా ఉంటుందని అతనికి ఏ కోచూ చెప్పలేదు.

"నేను కనబడలేదా మీకు?" అని అరిచాడు.

"కనబడలేదురా."

"అబద్ధం! నా కళ్ళలోకి చూశారు. చూసే కొట్టారు!"

మాస్టారు వగరుస్తూ వచ్చి ఇసుకలో కూలబడ్డారు. దామియాన్ ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది.

"మాస్టారూ... ఆ రోజు నేను..."

"ఆ రోజు నిన్ను పిలిచింది నేను కాదుగా," అన్నారాయన మోకాలు రుద్దుకుంటూ.

రేవు చివర జెనివాల్ వాళ్ళ నాన్నతో కలిసి పడవని ఒడ్డుకు లాగుతున్నాడు. దామియాన్ అటు పరుగెత్తాడు. సగం దూరంలోనే, ఇక పట్టలేక, చెయ్యెత్తి కేక పెట్టాడు.

"జెనివాల్! ఒరేయ్ జెనివాల్!"

జెనివాల్ తాడు వదలకుండానే వెనక్కి తిరిగాడు. పడవల దగ్గరున్న వాళ్ళంతా తిరిగారు.

"కనబడ్డావురా! ఆ రోజు నువ్వు నాకు కనబడ్డావు!"