మాంత్రికుడి మల్లెపొద

అనగనగా ఒక రాజుండేవాడు. ఉంటే ఉన్నాడు, ఏం లాభం? ఎవరొచ్చి ఏ కష్టం చెప్పుకున్నా "సరే, చూద్దాం" అనేవాడు. పేరు కుశకేతుడు. ఎవరర్రా అక్కడ కిసుక్కుమంటున్నది? నోరు మూసుకుని వినండి, లేకపోతే కథ ఇక్కడితో ఆపేసి నా దారిన నేను పోతాను.

ఆ రాజుకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు జయకేతుడు, రెండోవాడు రణకేతుడు, మూడోది తారావళి. అన్నలిద్దరూ నెమ్మదస్తులు. తారావళికి మాత్రం ముక్కుమీద కోపం. ఎవరైనా ఆవుని కొడితే కోపం, అన్నం పారేస్తే కోపం, అబద్ధమాడితే మరీ కోపం. "ఆడపిల్లకి అంత కోపం పనికిరాదమ్మా" అని రాజు అంటే, "అబద్ధం మాత్రం పనికొస్తుందా నాన్నగారూ?" అని ఎదురడిగేది. "సరే, చూద్దాం" అని ఆయన లేచి వెళ్ళిపోయేవాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఇంట్లో బిడ్డ పుట్టగానే తల్లి ఆ బిడ్డ పేరున పెరట్లో ఒక పూలమొక్క నాటాలి. పెళ్ళినాడు ఆ మొక్క పూలతోనే దండ గుచ్చాలి. పక్కింటి పువ్వు పనికిరాదు, సంతలో కొన్న పువ్వు అసలే పనికిరాదు. అందుకని తల్లులు ఆచితూచి నాటేవాళ్ళు. రాణి మణిమాల కూడా ఎండ ఎటు పడుతుందో, నీళ్ళు ఎటు నిలుస్తాయో పెరడంతా తిరిగి చూసుకుంది. బావి దగ్గర తడి ఉంటుందని పెద్దవాడికి నందివర్ధనం నాటింది. వేపచెట్టు వార సగం నీడ ఉంటుందని రెండోవాడికి కనకాంబరం నాటింది. పడమటి వైపు నిప్పులు చెరిగే ఎండ. అక్కడ తారావళికి మల్లె నాటింది. ఆ మొక్కల పనంతా తారావళి తల్లి వెనకాలే తిరిగి నేర్చుకుంది.

పెద్దవాడికి పెళ్ళి కుదిరింది. నందివర్ధనం విరగబూసింది. సరిగ్గా ఆ పూటే ధూమ్రదంతుడనే మాంత్రికుడు ఆకాశంలో పోతున్నాడు. పూల వాసన తగిలేసరికి వాడికి వెన్నులోంచి వణుకు పుట్టింది. "ఛీ! పువ్వులా? ఇక్కడ కూడానా? ఈ రాజ్యంలో ఇక మొగ్గన్నది వెయ్యగూడదు!" అని శపించి, గుప్పెడు బూడిద చల్లి పోయాడు, వాడి చేతులు పడిపోను.

తెల్లారేసరికి పెరళ్ళలో పువ్వు లేదు. చెట్లకి ఆకులున్నాయి, కొమ్మలున్నాయి, మొగ్గ మాత్రం లేదు. పువ్వు లేకపోతే దండ లేదు, దండ లేకపోతే పెళ్ళి లేదు. ముస్తాబైన పెళ్ళికూతురు పీటల మీంచి లేచి ఏడుస్తూ వెళ్ళిపోయింది.

"నేను వెళ్ళి ఆ మాంత్రికుణ్ణి చంపి వస్తాను. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందట" అని జయకేతుడు ఓడెక్కాడు. మళ్ళీ రాలేదు. "అన్నయ్యని నేను తీసుకొస్తాను" అని రణకేతుడు ఓడెక్కాడు. వాడూ రాలేదు. రాణి మంచం పట్టింది. గుమ్మంలో అలికిడైతే చాలు, "వచ్చారా?" అని లేచి కూర్చునేది. రాజేమో "సరే, చూద్దాం" అంటున్నాడు.

తారావళికి ఒళ్ళు మండిపోయింది. "ఏం చూస్తారు నాన్నగారూ? పెళ్ళి ఆగిపోతే చూశారు. కొడుకులు పోతే చూశారు. అమ్మ కూడా పోయేదాకా చూస్తారా?" అని సభలో అందరి ముందూ అరిచి, కట్టుబట్టలతో సముద్రపు ఒడ్డుకి వెళ్ళింది. ఓడలన్నీ అన్నలు తీసుకుపోయారు. ఒడ్డున ఒక ముసలి తాబేలు ఎండ కాచుకుంటోంది.

"నన్ను ఏడు సముద్రాలు దాటిస్తావా?" అంది తారావళి.

"ఎందుకు వెళ్తున్నావు తల్లీ?"

"ఒకడి పీక పిసకడానికి!"

తాబేలు నవ్వింది. "మీ అన్నలిద్దరూ దేశాలు చూడ్డానికి వెళ్తున్నామని నాతో అబద్ధం చెప్పారమ్మా. నువ్వు నిజం చెప్పావు. ఎక్కు."

ఒక సముద్రం దాటారు. "ఇంకెంతసేపు?" అంది తారావళి. "వస్తోంది తల్లీ" అంది తాబేలు. రెండో సముద్రం దాటారు. "ఇంకెంతసేపు?" "వస్తోంది తల్లీ." అలా ఏడు సముద్రాలూ అడుగుతూనే ఉంది, పాపం ఆ తాబేలు ఓపిగ్గా చెబుతూనే ఉంది.

దీవి వచ్చింది. దీవిలో మాంత్రికుడి కోట, కోట గుమ్మానికి ఒక పంజరం, పంజరంలో చిలక. తారావళి గబగబా వెళ్ళి పంజరంలో చెయ్యి పెట్టబోయింది.

"ఆగవమ్మా!" అని చిలక గయ్యిమంది. "వచ్చిన ప్రతివాడూ నా మెడే పట్టుకుంటాడేం? నీకంటే ముందు ఇద్దరొచ్చారు, ఇద్దరూ పిసికారు. ఇదిగో, ఇంకా నొప్పిగానే ఉంది. వాడి ప్రాణం నాలో లేదు. ఉందని ఊరంతా చాటించింది వాడే. ఎవరైనా వస్తే నాతో కుస్తీ పడుతుంటారు, ఈలోగా వాడు లేచి వస్తాడు. నేను మేఘదత్తుణ్ణి, ఒక రాజు కొడుకుని. నన్ను పట్టి చిలకని చేసి, ఎరగా ఇక్కడ వేలాడేశాడు!"

చిలక కోపం చూసి తారావళికి ముచ్చటేసింది. "ఆ ఇద్దరూ మా అన్నలే. మరి ప్రాణం ఎక్కడుంది?"

"పెరట్లో మల్లెపొదలో. దాన్ని కత్తితో నరికితే తెగదు, నిప్పు పెడితే కాలదు, పీకితే రాదు. కానీ అది ఒక్క పువ్వు పూసిందంటే, ఆ వాసనతో పాటు వీడి ప్రాణం గాల్లో కలిసిపోతుంది. అందుకే వీడికి పువ్వంటే హడలు. ఇంకో సంగతి విను. వీడి ఒంట్లో సత్తువ లేదు, మనుషుల మీద వీడికి ఉన్నదల్లా ఒక్క మంత్రం. ఎదుట నిలబడి అబద్ధమాడినవాళ్ళని నాలా చిలకల్నో, పందిరి గుంజల్నో చేసేస్తాడు. నిజం చెప్పేవాళ్ళ మీద ఆ మంత్రం పారదు. మీ పెద్దన్నయ్య 'దారి తప్పిన బాటసారిని' అన్నాడు. చిన్నన్నయ్య నడుములో కత్తి దాచుకుని 'పని కోసం వచ్చిన తోటమాలిని' అన్నాడు. ఇద్దరూ పెరట్లో పందిరి మోస్తున్నారు."

తారావళి కళ్ళు ఎరుపెక్కాయి. చరచరా పెరట్లోకి నడిచింది.

పెరట్లో పెద్ద తాటాకు పందిరి. నాలుగు గుంజల్లో రెండింటికి మనుషుల ముఖాలున్నాయి. ఒకటి పెద్దన్నయ్యది, ఒకటి చిన్నన్నయ్యది. ఆ నీడలో, మడమ దిగబడే బురదలో మల్లెపొద ఉంది. చుట్టూ మోకాలెత్తు ఎరువు. పొద నిండా ముదురాకులు, లేత కొమ్మల నిండా నల్లటి పేను, ఆకులకి జిగురు, మొదట్లో కుళ్ళు వాసన. కడవతో ఇంకా నీళ్ళు పోస్తూ, పళ్ళు నల్లబడ్డ ముసలాడు ఒకడు నిలబడి ఉన్నాడు. వాడే ధూమ్రదంతుడు.

"ఎవత్తెవే నువ్వు? ఎందుకొచ్చావు?"

"కుశకేతుడి కూతుర్ని! మా అన్నల్ని తీసుకుపోవడానికి వచ్చాను, నీ పీడ వదిలించడానికి వచ్చాను! అది తర్వాత. ముందు ఆ కడవ కింద పెట్టు! నీ దుంపతెగ, మల్లెమొక్కని పెంచే తీరు ఇదేనట్రా?"

మాంత్రికుడు పళ్ళు కొరికి మంత్రం వేశాడు. పారలేదు. మళ్ళీ వేశాడు. ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది, నడుం మీద చేతులు పెట్టుకుని. పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి అంత మాట అన్నవాళ్ళు లేరు. కడవ కింద పెట్టేశాడు.

"ఏం, ఎలా పెంచానేంటి? పచ్చగా లేదూ?" అన్నాడు కాస్త తగ్గి.

"పచ్చగా ఉంటే సరిపోతుందా? మల్లెకి ఎండ కావాలి, నువ్వు పందిరేశావు. వేరు ఆరాలి, నువ్వు బురద చేశావు. ఇలా పెంచితే నీ జన్మలో పూయదు!"

ఆ మాట వినేసరికి వాడి మొహం విచ్చుకుంది. నిజమే చెబుతోంది కదా మరి! "పూయకపోతే పీడాపోయె! నాకు కావలసిందీ అదే" అని ఇకిలించాడు.

"ఇకిలించకు. ఇలా పెంచితే బతకదు కూడా. ఇటురా, కళ్ళు పెట్టి చూడు." వాడి చెవి పట్టుకుని కిందికి వంచింది. "ఇదేంటి? పేను. నీ ఎరువుకి బలిసిన లేత కొమ్మల్ని జుర్రేస్తోంది. ఇదేంటి? కుళ్ళు. వేళ్ళు పోతున్నాయి. ఇంకో వానాకాలం చూడదు."

వాడికి చెమటలు పట్టాయి. కత్తికి తెగని మొక్క, నిప్పుకి కాలని మొక్క. తన చేత్తో తనే నీళ్ళు పోసి చంపుకుంటున్నాడని వాడికేం తెలుసు? "ఇప్పుడేం చెయ్యాలి తల్లీ?" అన్నాడు. తల్లీ అట, తల్లి!

"పందిరి మీద తాటాకులన్నీ తీసెయ్యి. గుంజల జోలికి వెళ్ళావంటే చంపుతాను. నీళ్ళు ఆపు. పాదు తవ్వి వేళ్ళకి ఎండ తగలనియ్యి. పేను పట్టిన కొసలు కత్తిరించి, ఆకంతా దూసెయ్యాలి."

"ఆకంతానా! మొక్క చావదు కదా?"

"చావదు. నిక్షేపంగా బతుకుతుంది."

మొక్క చావదు కదా అనే అడిగాడు గానీ, నేను చావను కదా అని అడగలేదు, వెధవ. ఆకు లేని పుల్లలు పూస్తాయని వాడు కలలో కూడా అనుకోలేదు. మల్లె పెంచే ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతి అది, ఒక్క ఇల్లాలితోనైనా మాట్లాడి ఉంటే కదా వాడికి తెలియడానికి!

కత్తికి తెగని పొద తారావళి గోటికి తెగింది, ఎందుకంటే ఆ పిల్ల దాన్ని చంపడానికి ముట్టుకోలేదు. పేను పట్టిన కొసలన్నీ తుంచింది. ఆకు దూస్తూనే తిట్టింది, పాదు తవ్వుతూనే తిట్టింది. మధ్యమధ్యలో గుంజల దగ్గరికి వెళ్ళి, "మిమ్మల్నీ అనాలి! అబద్ధాలాడమని ఎవరు నేర్పారు మీకు? అక్కడ అమ్మ అన్నం మానేసింది!" అని కళ్ళు తుడుచుకుని మళ్ళీ పనిలోకి వచ్చేది.

పొద ఎండు చీపురులా తయారైంది. మాంత్రికుడు రోజూ కడవ పట్టుకుని రావడం, "పొయ్యనా?" అని బతిమాలడం. "పోశావంటే చేతులు విరగ్గొడతాను" అని ఆమె తరమడం. ఎండలు ముదిరాయి. నేల బీటలిచ్చింది. ఒక పొద్దున తారావళి కొమ్మని వేలితో గీరి చూసింది. లోపల పచ్చగా ఉంది.

"ఇప్పుడు పొయ్యి. ఎంత కావాలంటే అంత పొయ్యి" అంది.

వాడు ఆనందం పట్టలేక కడవల కొద్దీ పోశాడు. తన చేత్తో తనే పోసుకున్నాడు, చూడండి! కొద్దిరోజుల్లో కణుపు కణుపునా చిగురొచ్చింది. చిగురు కొసన పచ్చగా, సన్నగా ఏవో మొలిచాయి. "కొత్తాకులు! బతికింది, నా మొక్క బతికింది!" అని వాడు చిందులు తొక్కాడు. మొగ్గని ఎన్నడూ చూసి ఎరగడు కదా.

ఆ సాయంత్రం గాలి చల్లబడింది. మొదటి మల్లెమొగ్గ విచ్చుకుంది.

కోటలోంచి మాంత్రికుడు ఒగరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. ఒక పువ్వు తుంచాడు, రెండు విచ్చుకున్నాయి. రెండు తుంచాడు, పొదంతా తెల్లబడింది. "అబద్ధం చెప్పావు! నాకు అబద్ధం చెప్పావు!" అని గొంతు చించుకున్నాడు.

"చెప్పి ఉంటే నేనూ గుంజనయ్యేదాన్ని కదరా! నీలా పెంచితే పూయదన్నాను. నాలా పెంచితే పూయదన్నానా?" అంది తారావళి.

వాడి కాళ్ళు పొగైపోయాయి, నడుం పొగైపోయింది, ఆ నల్లపళ్ళు కూడా పొగైపోయాయి. గాలి వీచింది, అంతే సంగతులు.

గుంజలు కదిలాయి. జయకేతుడూ రణకేతుడూ భుజాలు నొక్కుకుంటూ కింద కూలబడ్డారు. పెద్దన్నయ్య ముందు మంచినీళ్ళడిగాడు. తారావళి నీళ్ళు ఇచ్చింది. ఇచ్చి, ఇద్దరి వీపుల మీదా దబదబా బాదింది. "మీరు లేకపోతే నేనేం కావాలి? అమ్మకి ఏమని చెప్పాలి?" అంటూ బాదుతూనే వాళ్ళ మధ్య కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. కొట్టించుకుంటూనే అన్నలిద్దరూ చెల్లెల్ని దగ్గరకు తీసుకున్నారు. గుమ్మంలో పంజరం పగిలి, మెడ నిమురుకుంటూ మేఘదత్తుడు వచ్చాడు.

అంతా ఇంటికి చేరేసరికి రాజ్యమంతా పూలే. రాణి పథ్యం తిని లేచి తిరిగింది. పెద్దవాడి పెళ్ళి జరిగింది, రెండోవాడి పెళ్ళి జరిగింది. తారావళి మేఘదత్తుణ్ణి చేసుకుంటానంది. అతని పేరున ఆ ఊళ్ళో మొక్కేదీ? ఆచారమంటే ఆచారమే, తనే నాటుకోవాలి. కొడుకు పేరున నాటినట్టే అనుకుని రాణి దగ్గరుండి చూసింది. అతను సంపెంగ పెడితే ఎన్నేళ్ళు కాచుకోవాలో లెక్కేసుకుని బంతినారు పోశాడు. బంతి గబగబా పూస్తుంది మరి! బంతిదండా మల్లెదండా మార్చుకుని పెళ్ళాడి, మనవల్ని ఎత్తుకునేదాకా మేఘదత్తుడి రాజ్యమేలారు. నీడలో మల్లె నాటిన ఇల్లు కనిపిస్తే తారావళి రాణిగారే పల్లకీ దిగి, ఆ ఇంటివాళ్ళని చెడామడా తిట్టి, మొక్కని ఎండలోకి మార్చి వెళ్ళేదట.

ఏమిట్రా, పెళ్ళయ్యాక కోపం తగ్గిందా అంటావా? ఎందుకు తగ్గాలి? ఆ కోపమే లేకపోతే ఆ అన్నలిద్దరూ ఇప్పటికీ ఆ దీవిలో తాటాకులు మోస్తూ ఉండేవాళ్ళు.