దూలం కింద కుర్చీ

పరాంకుశానికి ఆ రోజు ఏమీ బోధపడలేదు. కొత్తగా కట్టే బడి కప్పుకి అతను తయారుచేసిన కాంక్రీటు దూలాన్నే వాడతామన్నారు. గురువు గౌసుద్దీన్ గారు సరేనంటే చాలు. ఆయన అనలేదు.

"బలం చాలలేదా సార్?"

"బలం ఎక్కువే."

"మరెందుకు సార్?"

గురువుగారు కుర్చీ తెచ్చుకోవడానికి వెళ్లిపోయారు.

ఇక్కడ నా గురించి చెప్పాలి. గురువుగారి ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో దూలాల మీద బరువు మోపే జాకీ నా చేతిలో ఉండేది. నేను పిడి నొక్కితే కాలేజీ మొత్తం బెత్తెడు భూమిలోకి దిగేదని పెద్దలు చెప్పుకునేవారు. ఆ పెద్దల్లో నేనూ ఒకణ్ణి.

పరాంకుశం తన దూలంలో ఇనుప కడ్డీలు దట్టంగా కూర్చాడు. అంతకుముందు అలాంటిదాన్నే విరిగేదాకా నొక్కాను. మామూలు దూలానికి రెట్టింపు మోసింది. మోసీ మోసీ, చిన్న గీతైనా పడకుండా, ఒక్కసారిగా ఫెళ్లుమంది. ఆ చప్పుడుకి సముద్రంలో ఓడలు దారి తప్పాయి.

గురువుగారు కుర్చీతో వచ్చారు. స్తంభాల మీద ఎత్తుగా పెట్టిన మామూలు దూలం కింద వేసుకుని కూర్చున్నారు.

"నొక్కవయ్యా అప్పలసూరీ."

నా చేతి బలం తెలిసిన మనిషి అలా కూర్చుంటాడా? సగం బలంతోనే నొక్కాను. దూలం అడుగున వెంట్రుకంత బీట పడింది. తర్వాత ఇంకోటి. దూలం మెల్లగా కిందికి వంగింది. ఆయన భుజం మీద సున్నంలా పొడి రాలింది.

గురువుగారు పొడి దులుపుకుని లేచి, కుర్చీ పక్కకి లాక్కున్నారు. ఆ తర్వాత నేను టీ తాగి వచ్చి మళ్లీ నొక్కితేగాని అది కూలలేదు.

నాకేమీ అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను.

ఆయన ఆ కుర్చీని పరాంకుశం దూలం కింద వేశారు.

"కూర్చో."

"ఇది దానికి రెట్టింపు మోస్తుంది సార్."

"మోస్తుంది. అప్పలసూరి నొక్కుతాడు. విరిగేలోపు లేచి వచ్చెయ్యి."

పరాంకుశం నవ్వుతూ కూర్చున్నాడు. తల ఎత్తి చూశాడు. దూలం అడుగు అద్దంలా నున్నగా ఉంది. చూస్తూ చూస్తూ ఉండగా అతని నవ్వు పోయింది.

"ఎప్పుడు లేవాలి సార్?"

"నన్నెందుకు అడుగుతావు? దాన్నే అడుగు."

నేనింకా పిడి మీద చెయ్యి వెయ్యనే లేదు. పరాంకుశం లేచి నిలబడ్డాడు.