వెనక్కి చూడకూడని చోట

ఎవరి దగ్గరా పైకి అనని సంగతి ఒకటి ముందే రాసేస్తాను. పెళ్ళయిన నాలుగేళ్ళలో మేమిద్దరం ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదని అందరికీ గొప్పగా చెబుతుంటాను. అది నిజమే. నాకు కోపం వస్తే మాట్లాడడం మానేస్తాను. మా ఆయన కిరీటి దాన్ని నా శాంతం అనుకుంటాడు. నన్ను అడగకుండానే కాపురం విశాఖపట్నం మార్చేస్తున్నానని వాళ్ళక్కకు చెప్పాడు. నేను విని సరే అన్నాను. నాలుగు చీరలు సర్దుకుని, పెద్దమ్మను చూసొస్తానని ఈ సముద్రపొడ్డు ఊరికి వచ్చేశాను. సోమవారం సామాను లారీ ఎక్కుతుంది. నేను మాత్రం వెళ్ళను, ఇక ఎప్పటికీ. ఆ సంగతి అతనికి తెలియదు. రోజూ ఫోన్ చేస్తాడు. బాగున్నానంటాను.

బడి మధ్యలో మానేసి దొరికిన పుస్తకమల్లా చదువుకున్న నాకు గురువంటూ ఉన్నది ఈ ఊరి గవరయ్య మాష్టారు ఒక్కరే. లైట్‌హౌసులో పనిచేసి రిటైరయ్యారు, తత్వాలు పాడడం నేర్పుతారు. ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. వెనకాల నడవాలి. కిందటేడు వచ్చినప్పుడు వైరాగ్యం గురించి అడిగితే ఎండురొయ్యల దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళారు. వైరాగ్యం అర్థం కాలేదు గానీ కూర బాగా కుదిరింది.

"భార్యాభర్తల మధ్య మాట పెరగకుండా మౌనంగా ఉండడం కన్నా మేలైనది ఉంటుందా మాష్టారూ?" అని శుక్రవారం పొద్దున అడిగాను. లేదమ్మా అంటారని ఆశ. ఆయన చెప్పులు వేసుకున్నారు.

సింహాద్రి, అతని పెళ్ళాం నూకరత్నం ఇద్దరే నడుపుకునే చిన్న తెరచాప పడవ ఒకటుంది. వలలు ఎత్తడానికి వెళ్తుంటే మమ్మల్నీ ఎక్కించుకున్నారు. వెళ్ళేటప్పుడు సముద్రం మెత్తగానే ఉంది. తిరిగొచ్చేసరికి గాలి లేచింది. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర, బయటికి పోయే ఏటి నీళ్ళూ లోపలికి వచ్చే కెరటాలూ ఢీకొని నిలువునా లేస్తున్నాయి. ఇంటికి దారి అదొక్కటే. సింహాద్రి చుక్కాని పట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు. నూకరత్నం తెరచాప తాడు పట్టుకుని అతనికి ఎదురుగా కూర్చుంది. కూర్చోగానే మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది.

ఆవిడ తమ్ముడి పెళ్ళిలో పప్పులో ఉప్పు లేదని పదిమందిలో అన్నందుకు తిట్టింది. రెండూ ఎడమకాలివే చెప్పులు కొనుక్కొచ్చినందుకు తిట్టింది. కొత్త గొడుగు దగ్గరికి వచ్చి, "ఆ గొడుగు అట్టుకెళ్ళి నువ్వేం చేశావంటే..." అంటూ ఠక్కున ఆగిపోయింది.

సింహాద్రి తల తిప్పలేదు. ఒంటి బరువంతా వేసి చుక్కాని నొక్కాడు. ఆవిడ తాడు వదులు చేసింది. కొబ్బరిచెట్టంత అనిపించిన కెరటం వెనకనుంచి వచ్చి, పడవను ఎత్తి, కిందనుంచి జారిపోయింది.

"... మేక్కి పట్టావు," అని ఆవిడ తిట్టు పూర్తిచేసింది.

ఇలా నాలుగుసార్లు జరిగింది. నాలుగోసారికి నేను మాష్టారి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఈవిడ ఇంకా తిట్టాలి దేవుడా అని మొక్కుకుంటున్నాను.

ఒడ్డెక్కాక, అంత కోపమేమిటని నూకరత్నాన్ని అడిగాను. ఆవిడ నవ్వింది. మొగలో చుక్కాని పట్టినవాడు వెనక్కి చూడకూడదట. తల తిరిగితే చెయ్యి తిరుగుతుంది, చెయ్యి తిరిగితే పడవ అడ్డం పడుతుంది. వెనకాల వచ్చేది ఆవిడే చూడాలి. మరి కెరటం వస్తోందని అరవొచ్చుగా అన్నాను.

"అరిత్తే ఆ ఒక్క మాటా గాలి మింగేత్తాదమ్మా. ఆగిపోయిన గోల మాత్రం ఎంత గాలిలోనైనా ఇనపడతాది," అంది. తిట్టినవన్నీ నిజాలేనని, ఉత్తుత్తి తిట్లు అంతసేపు రావని కూడా చెప్పింది.

సింహాద్రి వల దులుపుతూ, ఓసారి ఆవిడ అలిగి ఇంట్లో పూటంతా నోరు విప్పలేదని చెప్పాడు. "ఆయ్, కెరటం ఎటునుంచి వత్తాదోనని నేను అన్నం కంచం ముందు కూడా బిగుసుక్కూచున్నానండి."

తిరిగొచ్చేటప్పుడు మాష్టారు మా పెద్దమ్మ వీధి మలుపు దాకా వచ్చారు. అక్కడ ఆగి, చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ అడిగారు.

"మీ ఆయనకి ఈత వచ్చా అమ్మా?"

నేనెప్పుడూ అడగలేదు. ఇది రాయడం ఆపి ఫోన్ చేస్తాను, ఈసారి నేనే. నాకన్నా ముందు వాళ్ళక్కకు చెప్పిన దగ్గర తిట్లు మొదలుపెడతాను. నాలుగేళ్ళవి ఉన్నాయి, సోమవారం దాకా సరిపోతాయి.