చెంచమ్మ పిడికెడు బియ్యం

ఒసే కృపా, దుప్పటంతా నువ్వే లాక్కోకు, సగం నాక్కూడా ఉంచు. పొద్దున ఎలకని చూసి ఛీ అన్నావుగా? ఇవాళ ఎలక బియ్యం కథే చెప్తా. నవ్వకే! అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అనగనగా కాలవ పక్కన ఒక ఊళ్ళో ఒక గుడి ఉంది. మన ఏసయ్య గుడే. గుడి గుమ్మంలో ఒక పెద్ద మట్టికుండ ఉండేది. ఆడవాళ్ళు వంట చేసుకునే ప్రతిసారీ, బియ్యం ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు పక్కన తీసేవాళ్ళు. ఆదివారం తెచ్చి ఆ కుండలో పోసేవాళ్ళు. ఆ బియ్యం అమ్మి, ఎక్కడో దూరాన సువార్త చెప్పేవాళ్ళకి పంపేవాళ్ళు.

ఆ కుండ మీద పెత్తనం మా అత్త సువార్తమ్మది. అవునే, మీ అమ్మకి నాయనమ్మే. మంచి మనిషే, కాదన్ను. కానీ శుభ్రం పిచ్చి, పైగా తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేనప్పుడు కొత్తకోడల్ని, నోరెత్తేదాన్ని కాదు. ఏంటా చూపు? నిజంగానే ఎత్తేదాన్ని కాదు.

ఆ కాలవ గట్టు మీద యానాదుల గుడిసెలు నాలుగుండేవి. అందులో చెంచమ్మ అని ఒకామె. కోతలయ్యాక పొలాల్లో ఎలక కలుగులు తవ్వేది. ఎలకలు లోపల దాచుకున్న వడ్లు ఏరుకొచ్చి, దంచి, పిల్లలకి వండిపెట్టేది. ఒకసారి ఆమె చిన్నకూతురికి జ్వరమొచ్చి కళ్ళు తేలేసింది. అప్పుడు చెంచమ్మ మన గుడి మెట్టు మీద కూలబడి ఏడ్చింది. "అయ్యా ఏసయ్యా, నా బిడ్డని బతికించు. నేనూ వీళ్ళందరిలాగా నీ కుండలో పిడికెడు పోస్తా" అని మొక్కుకుంది.

పిల్ల బతికింది. ఇక చెంచమ్మకి ఒకటే ధ్యాస, ఆ మొక్కు తీర్చుకోవాలి. తీర్చకపోతే పిల్లకి మళ్ళీ ఏమవుద్దోనని భయం.

మొదటి ఆదివారం వచ్చింది, కొంగులో బియ్యం మూటగట్టుకుని. "ఎక్కడివే చెంచీ ఇవి?" అంది మా అత్త. "కలుగులోవమ్మా, దంచి తెచ్చా." అంతే, అత్త కుండ మీద ఠక్కున మూత పెట్టేసింది. "ఎలక నోట్లోవి తెచ్చి దేవుడికి పోస్తావా?"

రెండో ఆదివారం మూడుసార్లు కడిగి, ఎండబెట్టి తెచ్చింది. అత్త మూత తియ్యలేదు.

మూడో ఆదివారం చెంచమ్మ వస్తోందని చూసి, అత్త కుండనే లోపలికి జరిపించింది. నా చేతే జరిపించింది, నా చేతులు పడిపోను! "నా మొక్కు తీరేదెట్టా అమ్మా?" అని అడిగింది చెంచమ్మ. అందరూ మొహాలు తిప్పుకున్నారు. నేనూ తిప్పుకున్నా.

ఆ తర్వాత వాయుగుండం పట్టింది. వారం రోజులు ఒకటే వాన. ఆ వానలోనే మా గుడి పాస్టరు అయ్యగారు వచ్చి, దూరదేశాల సంఘాలన్నీ తిరిగిన దైవజనురాలు ఆదివారం మన గుడికి వస్తోందని చెప్పారు. ఇంకేం, తెల్లదొరసాని వస్తోందనుకున్నాం. కారం తినదని చప్పటి కూర వండాం. గుంటూరు నుంచి రొట్టె తెప్పించాం. కూర్చోటానికి కరణంగారి కుర్చీ తెచ్చాం.

బస్సు దిగింది చూడూ, అమ్మో! మనలాంటి మనిషే. పొట్టిగా, చామనఛాయగా, వీపున సంచితో ఒక్కతే దిగింది. ఎక్కడో ఈశాన్య కొండల్లో పుట్టిందంట, జువాలి అంట పేరు. మనవాళ్ళు క్షణంలో జువాలమ్మని చేశారు. దండ పట్టుకున్న పెద్దాయన ఆమె వెనక్కి తొంగి చూసి, "దొరసాని ఏదీ?" అన్నాడు. సిగ్గుతో చచ్చాం. చప్పటి కూర పక్కకి నెట్టి, పచ్చిమిరపకాయ అడిగి మరీ కరకరా నమిలింది, మహాతల్లి.

తర్వాత గుడిలో కుండ చూసి జువాలమ్మ మొహం వెలిగిపోయింది. ఆమె చెప్తుంటే అయ్యగారు మనకి తెలుగులో చెప్పారు.

"మా కొండల్లోనూ ఆడవాళ్ళు ఇట్లాగే పిడికెడు తీస్తారు. నా చిన్నప్పుడు వెదుళ్ళు పూశాయి. వెదుళ్ళు పూస్తే ఎలకలు లెక్కలేనన్ని పుడతాయి. పైరంతా తినేశాయి, పెద్ద కరువొచ్చింది. మా అమ్మ ఎలక..."

అయ్యగారు ఆగిపోయారు. ఆమెని మళ్ళీ అడిగారు. ఆమె అదే మాట మళ్ళీ చెప్పింది.

"మా అమ్మ ఎలక కలుగులు తవ్వి గింజలు తెచ్చేది. అందులోనూ ముందు దేవుడికి పిడికెడు తీసేది. మా పాస్టరుగారు రెండు చేతులూ చాపి తీసుకునేవారు. మీ దగ్గరికి నన్ను పంపింది ఆ పిడికెళ్ళే."

మా అత్త మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచింది. ప్రార్థన అవకుండానే లేచింది, ఎన్నడూ లేనిది! జారే బురదలో కాలవ గట్టుకేసి నడిచింది. నేను వెనకే పరిగెత్తా, జువాలమ్మా వచ్చింది.

గుడిసెలో పొయ్యి చల్లగా ఉంది. కలుగులన్నీ నీళ్ళతో నిండిపోయాయి, ఇక తవ్వేదేముంది? మూడు రోజులుగా వంట లేదు. పిల్లలిద్దరూ ఏడ్చే ఓపిక కూడా లేక గోనె మీద పడున్నారు. పైన వాసానికి ఒక బియ్యం మూట వేలాడుతోంది. నేను ఊపితే బరువుగా ఉంది.

"అయ్యో చెంచీ, ఇంట్లో బియ్యం పెట్టుకుని పిల్లల్ని పస్తులు ఉంచావుటే?" అన్నా.

"అవి దేవుడివి కదమ్మా" అంది చెంచమ్మ. "మేం తినకూడదుగా."

ఒసే కృపా, మా అత్త ఆ బురదలోనే చతికిలబడి గుండెలు బాదుకుంది. నేను ఇంటికి పరిగెత్తి, చుట్టాల కోసం వండిన అన్నం గిన్నెతో సహా తెచ్చా. అత్త తన చేత్తో ఆ పిల్లలకి ముద్దలు పెట్టింది. కుడి చేత్తో పెడుతూ ఎడం చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. పిల్లలు తేరుకున్నారు.

అప్పుడు అత్త, "పద చెంచమ్మా, మొక్కు తీర్చుకుందువు గాని" అంది. చెంచీ అనలేదు, చెంచమ్మా అంది.

"మళ్ళీ వద్దంటారేమోనమ్మా" అంది చెంచమ్మ. మూట కిందికి దించలేదు.

అత్తే దించింది. దాన్ని తన నెత్తిన పెట్టుకుంది. నేనందుకోబోతే ఇవ్వలేదు. ఊరంతా గుమ్మాల్లో నిలబడి నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే వానలో నడిచింది. గుడిలో కుండ మూత తీసి, మూట చెంచమ్మ చేతిలో పెట్టింది. చెంచమ్మ గింజ జారకుండా పోసింది. "తీరిపోయిందమ్మా" అని ఊపిరి పీల్చుకుంది.

మా అత్త తలెత్తలేదు.

"నీది తీరింది చెంచమ్మా," అంది. "నీకు నా బాకీ ఎప్పటికి తీరుద్దో."

కథ పోయె కంచికి,
గింజ పోయె కుండకి,
మనం పోదాం ఇంటికి,
నిద్ర రావాలె కంటికి.