జిలానీ పేరున మిగిలిన పళ్ళెం

మా బాబా శిష్యుడు కరీముల్లాకు కోపమొచ్చింది. ప్రతి గురువారం దర్గాలో ఒక పళ్ళెం అన్నం మిగిలిపోతోంది.

తెలివైనవాడే, కాదనను. మా కొండమీద సిగ్నల్ అందదు. ఉరుసు రోజుల్లో తప్పిపోయినవాళ్ళను వెతకలేక చచ్చేవాళ్ళం. అతగాడు సిగ్నల్ లేకుండానే ఫోన్లను ఎట్లా అల్లాడో గానీ, ఫోన్లో ఒక్కసారి పేరు పెట్టుకుంటే చాలు. ప్రహరీ లోపలికి రాగానే ఫోన్లన్నీ వాటంతటవే ఒకదానితో ఒకటి కలిసి ఎవరు ఏ వైపున్నారో చూపిస్తాయి, గేటు దాటి పోతే విడిపోతాయి. వచ్చినవాళ్ళను ఫోనే పేరుపెట్టి పలకరిస్తుంది. అన్నం వేళకు మళ్ళీ పిలుస్తుంది.

కలిసిన పేర్లను చూసుకుని వంట చేస్తాం. జిలానీ అనే పేరొకటి మాత్రం ప్రతి వారం వస్తుంది, అన్నానికి పిలిస్తే మనిషి రాడు.

"ఎవడో మనతో ఆటలాడుతున్నాడు బాబా. ఆ పేరు తీసేస్తాను" అన్నాడు కరీముల్లా.

బాబా లేచి తనే పళ్ళెంలో అన్నం వడ్డించి, భుజం మీది తువ్వాలు కప్పి అతని చేతిలో పెట్టాడు.

"ముందు పెట్టి రా. తర్వాత తీసేద్దువులే."

గొణుక్కుంటూ పోయాడు. ఫోను చూపిన వైపు వెళ్తే, చెప్పుల అరల పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. జిలానీ ఎక్కడని అడిగితే రుమాలు విప్పి పగిలిన ఫోను చూపించాడు. అది ఆయన కొడుకు జిలానీదట. పోయినేడు లారీ కింద పడి చనిపోయాడట.

"వాళ్ళమ్మ ఏడుస్తుందని ఇంట్లో వాడి పేరు ఎవరూ ఎత్తరు నాయనా. ఈ గేటు దాటి లోపలికొస్తే ఇది వాణ్ణి పేరుపెట్టి పిలుస్తుంది. విని పోదామని వస్తా. అన్నానికి పిలిచేది వాణ్ణి, నేనెట్లా తింటా? తప్పయితే చెప్పు, వచ్చే వారం నుంచి రాను."

కరీముల్లా ఆయన పక్కన కూర్చుని పళ్ళెం మీది తువ్వాలు తీశాడు. కొడుకు వంతు మీరే తినాలని బతిమాలాడు. ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు.

ఖాళీ పళ్ళెంతో వచ్చిన శిష్యుణ్ణి బాబా అడిగాడు, ఎవరు తిన్నారని.

"జిలానీ" అన్నాడు కరీముల్లా, సగం గొంతుతో.

బాబా తస్బీ పూసలు తిప్పడం ఆపాడు.

"గట్టిగా అను. ఆ తండ్రికి వినబడాలి."